మూడుసార్లు బిగించినా నిలవని ఎడమ క్రాంక్: ఒక రోడ్ బైక్ కేస్ స్టడీ

క్రాంక్ అంటే పెడల్‌ని మోసే చెయ్యి లాంటి భాగం. బండి వివరాలు ముందు చెప్తాను. అల్యూమినియం ఫ్రేమ్, 8 స్పీడ్ రోడ్ బైక్, కొని ఆరేళ్లయింది, సుమారు 11,000 కిలోమీటర్లు తిరిగింది. ముందు 50, 34 పళ్ల చెయిన్‌రింగులు, వెనక 11–28 క్యాసెట్, అంటే 11 నుంచి 28 పళ్ల దాకా ఉన్న గేరు చక్రాల కట్ట. నడిపేది 46 ఏళ్ల లెక్కల మాస్టారు. బరువు 74 కిలోలు. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున గండిపేట వైపు వెళ్తారు, నెలకోసారి వికారాబాద్ దాకా వెళ్లి అనంతగిరి ఎక్కుతారు. నా దగ్గరికి బండి తెచ్చిన రోజుకి ఆయన పేరు ఇచ్చిన 300 కిలోమీటర్ల బ్రెవే (గడువులోపు పూర్తిచేయాల్సిన దూర సైకిల్ ప్రయాణం) ఐదు వారాల దూరంలో ఉంది. ఆ దూరాన్ని 20 గంటల్లో పూర్తి చేయాలి. అందులో సగం రాత్రి ప్రయాణమే.

"తమ్ముడూ, ఎడమ పెడల్ తొక్కినప్పుడల్లా టక్కుమంటోంది. దారిలో ఒకచోట బిగించారు, ఇంటి దగ్గర ఇంకొకరు బిగించారు, నిన్న నేనే బిగించుకున్నా. ఇరవై కిలోమీటర్లు పోయేసరికి మళ్లీ అదే" అన్నారు.

మూడుసార్లు బిగించినా మళ్లీ వదులైందంటే తప్పు బోల్టుదో, దాన్ని బిగించిన చేతిదో అని నేను అనుకోను. బోల్టు దేన్ని పట్టుకోవాలో అదే చెడిపోయి ఉంటుంది. అయినా టక్కు శబ్దం దగ్గర మెకానిక్ తొందరపడకూడదు. సీటు పోస్టు నుంచి వచ్చే శబ్దం కూడా పెడల్ నుంచి వచ్చినట్టే వినిపిస్తుంది. ముందు పెడల్ విప్పి గ్రీజు రాసి మళ్లీ బిగించాను. చెయిన్‌రింగు చుట్టూ తడిమి చూశాను. తర్వాత ఆయన్ని సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కమన్నాను. శబ్దం అలాగే ఉంది, కాబట్టి సీటు కాదు. ఆపైన బండిని స్టాండుకి ఎక్కించి, రెండు క్రాంకులనూ రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపాను. రెండూ కలిసి ఊగితే తప్పు బీబీ (బాటమ్ బ్రాకెట్, అంటే రెండు క్రాంకులనీ కలిపే యాక్సిల్ తిరిగే చోటు) బేరింగుది. ఒక్కటే ఊగితే ఆ క్రాంక్ యాక్సిల్ మీద నిలవట్లేదని అర్థం. ఇక్కడ ఎడమది ఒక్కటే కదిలింది.

విప్పి చూస్తే

ఇది స్క్వేర్ టేపర్ క్రాంక్. యాక్సిల్ చివర నాలుగు పలకలుగా ఉండి, కొసకి పోయేకొద్దీ సన్నబడుతుంది. పలక ఒక్కోటి 2 డిగ్రీల వాలు. క్రాంకుకి ఉండే చదరపు రంధ్రాన్ని ఆ వాలు మీదికి బోల్టుతో లాగితే అది చీలలా బిగుసుకుంటుంది. క్రాంకుని పట్టి ఉంచేది ఆ బిగువే. బోల్టు పని క్రాంకుని లోపలికి లాగి అక్కడే ఉంచడం వరకే.

మన తాతల నాటి సైకిళ్లలో ఈ చోట కాటర్ పిన్ను ఉండేది. అది అరిగితే పెడల్ కొంత దూరం ఊరికే తిరిగి, ఆ తర్వాతే పట్టుకునేది. ఊళ్లో సైకిల్ షాపు ఆయన పిన్నుని సుత్తితో కొట్టి సరిచేసేవాడు, మరీ అరిగితే కొత్తది వేసేవాడు. అక్కడ అరిగేది చవకైన పిన్ను. స్క్వేర్ టేపర్‌లో మధ్యన పిన్నంటూ ఏమీ లేదు, అందుకని అరుగుదల నేరుగా క్రాంక్ మీద పడుతుంది. యాక్సిల్ ఉక్కు, క్రాంక్ అల్యూమినియం. రెండూ ఒరుసుకుంటే నష్టం మెత్తటి దానికే.

పుల్లర్ అనే లాగే పనిముట్టు పెట్టి ఎడమ క్రాంక్ బయటికి తీశాను. అది మామూలు కంటే తేలిగ్గా వచ్చేసింది, అప్పుడే విషయం తెలిసిపోయింది. రంధ్రం నాలుగు మూలలూ గుండ్రబడ్డాయి. బిగువుగా కూర్చున్న క్రాంకుకి లోపలి పలకల మీద ఒకే తీరు మెరుపు కనిపిస్తుంది. ఇక్కడ ఒక్కో పలకకి ఒక అంచున మాత్రమే మెరుపు ఉంది, మిగతాదంతా నల్లటి పొడి. ఉక్కు యాక్సిల్‌కి పెద్దగా ఏమీ కాలేదు.

ఇలా ఎందుకయింది? 74 కిలోల మనిషి ఒక పెడల్ మీద పూర్తిగా నిలబడితే, 170 మిల్లీమీటర్ల క్రాంక్ ద్వారా ఆ కీలు మీద పడే మెలితిప్పు 120 న్యూటన్ మీటర్లు దాటుతుంది. కుడి కాలి బలం క్రాంక్ నుంచి నేరుగా చెయిన్‌రింగుకి పోతుంది. ఎడమ కాలి బలం మాత్రం యాక్సిల్ గుండా అవతలికి దాటి పోవాలి. మొదటిసారి వదులైనప్పుడు మాస్టారు శంకర్‌పల్లి నుంచి ఇంటిదాకా అలాగే తొక్కుకొచ్చారు. ఆ ప్రయాణంలోనే రంధ్రం పాడైపోయింది. తర్వాత బిగించిన ముగ్గురూ సరిగ్గానే బిగించి ఉండొచ్చు, కానీ అప్పటికే లోపల పట్టు పోయింది.

ఈ సంగతి నా దగ్గరికొచ్చే ప్రతి ఒక్కరికీ చెప్తాను. క్రాంక్ కదులుతున్నట్టు అనిపిస్తే ఆ క్షణమే దిగండి. 8 మిల్లీమీటర్ల ఎలెన్ కీ ఉంటే బిగించి వెళ్లండి, లేకపోతే ఆటో పిలవండి. ఆటోకి 300 పోతాయి, క్రాంకుకి వేలు పోతాయి. ఎక్కుడులో నిలబడి తొక్కుతుండగా అది ఊడిపోతే ఏమవుతుందో నేను విడిగా చెప్పక్కర్లేదు.

ఎడమది ఒక్కటీ మారిస్తే సరిపోదా?

మాస్టారు అడిగిన మొదటి ప్రశ్న ఇదే. న్యాయమైన ప్రశ్న. ఎడమ క్రాంకులు విడిగా దొరుకుతాయి, ఖర్చూ తక్కువ. చెయిన్‌రింగులు బాగుండి ఉంటే నేనూ అదే చేసేవాణ్ని. కానీ 50 పళ్ల రింగు అరిగి, పళ్లు ఒక పక్కకి వాలి సొర చేప రెక్కల్లా తయారయ్యాయి. చెయిన్ ఎంత సాగిందో కొలిచే గేజ్ 0.75 గుర్తు దాటి లోపలికి దిగిపోయింది. పైగా ఈ సెట్‌లో రింగులు క్రాంకుకి రివెట్లతో బిగించి ఉన్నాయి. ఒక రింగు పోతే మొత్తం కుడి క్రాంకే మార్చాలి. ఇప్పుడు ఎడమది కొని, మరో రెండు మూడు నెలలకి కుడిది కొనడం అంటే డబ్బు రెండుసార్లు పెట్టడం. కాబట్టి మొత్తం సెట్ మార్చాలని ఇద్దరం ఒప్పుకున్నాం.

ఏ సెట్ అన్నది నిర్ణయించేముందు ఫ్రేమ్ ఏమంటుందో వినాలి. చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. ముందు క్రాంక్ కొనేసి, తర్వాత అది ఫ్రేముకి పడుతుందా అని అడుగుతారు. ఫ్రేములో బీబీ కూర్చునే గొట్టాన్ని, అంటే షెల్‌ని, వెర్నియర్‌తో కొలిచాను, 68 మిల్లీమీటర్లు వచ్చింది. లోపల థ్రెడ్ ఉంది, కుడి పక్కది ఉల్టా థ్రెడ్. అంటే మామూలు బీఎస్ఏ షెల్. ఇటాలియన్ షెల్ అయితే వెడల్పు 70 ఉండేది, రెండు పక్కలా మామూలు థ్రెడ్డే ఉండేది. ఈ కార్బన్ ఫ్రేముల కాలంలో బీఎస్ఏ కనిపిస్తే నాకు సంతోషంగా ఉంటుంది. అదే 86.5 మిల్లీమీటర్ల ప్రెస్‌ఫిట్ (థ్రెడ్ లేకుండా నొక్కి ఎక్కించే) షెల్ అయితే బేరింగులుండే కప్పులు వేరే, వాటిని ఎక్కించే పనిముట్లు వేరే. బీబీ30 అనే ఇంకో రకం షెల్ అయితే 42 మిల్లీమీటర్ల రంధ్రంలో 24 మిల్లీమీటర్ల యాక్సిల్ కూర్చోవడానికి అడాప్టర్ కావాలి, ఆ అడాప్టర్ కొత్త శబ్దాలకి మూలం కావచ్చు. మీ బండి అలాంటిదైతే నేను ఇక్కడ చేసిన ఎంపికని యథాతథంగా తీసుకోవద్దు.

మాస్టారు తెచ్చిన అల్టెగ్రా

రెండో రోజు ఆయన ఒక సంచీతో వచ్చారు. తోటి రైడర్ ఒకరు బండి అప్‌గ్రేడ్ చేసుకుని పాత క్రాంక్ అమ్ముతున్నారట. షిమానో అల్టెగ్రా ఎఫ్‌సీ-6800, 50/34, 170. చెప్పిన ధర 9,000. చూడటానికి ముచ్చటగా ఉంది, గీతలు కూడా పెద్దగా లేవు. "ఇదే వేసెయ్ తమ్ముడూ, పై గ్రేడ్ కదా" అన్నారు. ఆయన కళ్లల్లో ఆశ కనిపిస్తోంది. కాదని చెప్పడం కష్టంగానే అనిపించింది.

విషయం ఇది. 2023 సెప్టెంబరులో షిమానో కంపెనీ 2012 జూన్ నుంచి 2019 జూన్ మధ్య తయారైన 11 స్పీడ్ రోడ్ క్రాంకుల్లో కొన్నింటిని తనిఖీకి తెమ్మని ప్రకటించింది. అల్టెగ్రాలో ఎఫ్‌సీ-6800, ఎఫ్‌సీ-ఆర్8000, డ్యూరా-ఏస్‌లో ఎఫ్‌సీ-9000, ఎఫ్‌సీ-ఆర్9100, పవర్ మీటరున్న ఎఫ్‌సీ-ఆర్9100-పి ఆ జాబితాలో ఉన్నాయి. వీటి క్రాంక్ లోపల బోలుగా ఉంటుంది, రెండు భాగాలని జిగురుతో అతికించి చేస్తారు. ఆ అతుకు విడిపోయే అవకాశం ఉందన్నది సమస్య. అమెరికా వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రకటన ప్రకారం ఆ ఒక్క దేశంలోనే సుమారు 6,80,000 సెట్లు రీకాల్ కిందకి వచ్చాయి, 4,519 చోట్ల క్రాంక్ విడిపోయినట్టు కంపెనీకి సమాచారం అందింది, ఆరుగురు గాయపడ్డారు. డీలర్ దగ్గర పరీక్షించి, అతుకు విడిపోతున్న సూచన కనిపిస్తే ఉచితంగా మార్చి ఇస్తారు. క్రాంక్ వెనక, పెడల్ బిగించే చోట ఉండే రెండక్షరాల కోడ్‌ని బట్టి అది ఏ కాలంలో తయారైందో తెలుస్తుంది. షిమానోలోనే ‘105’ అనే గ్రేడు సెట్లు ఈ జాబితాలో లేవు.

ఆ సంచీలోని క్రాంకులో నాకు ఏ లోపమూ కనిపించలేదు. ఈ మాట మాస్టారికి స్పష్టంగా చెప్పాను. టార్చి వేసి అతుకు అంచులు చూశాను, ఉప్పు మరకలు గానీ సందులు గానీ లేవు. అయితే అది తయారైన కాలం మాత్రం జాబితాలోనిదే. డీలర్ తనిఖీ చేసినట్టు కాగితం లేదు. చూపు ఆనని అతుకుకి నేను హామీ ఇవ్వలేను. రాత్రి రెండు గంటలకి ఊరికి ఎనభై కిలోమీటర్ల దూరంలో తొక్కబోయే మనిషికి అసలే ఇవ్వలేను. మొదటి యజమాని తనిఖీ చేయించి వాడుకోవడం వేరు, చరిత్ర తెలియని సెట్ కొనడం వేరు.

తనిఖీ అయిపోయి ఉన్నా సరే, ఈ బండికి దాన్ని వద్దనేవాణ్ని. ఇది 8 స్పీడ్ బండి. 8 స్పీడ్ చెయిన్ బయటి వెడల్పు సుమారు 7.1 మిల్లీమీటర్లు, 11 స్పీడ్‌ది 5.5 చిల్లర. 11 స్పీడ్ క్రాంకులో రెండు రింగుల మధ్య సందు ఆ సన్నటి చెయిన్‌కి తగ్గట్టు ఉంటుంది. లావు చెయిన్ వేస్తే, చిన్న రింగులో ఉండి వెనక చిన్న పళ్ల వైపు వెళ్లినప్పుడు అది పెద్ద రింగు లోపలి ముఖానికి రాసుకుంటుంది. కొందరు అలాగే వాడుకుంటున్నారు, నాకు తెలుసు. నడుస్తుంది కూడా. కానీ 20 గంటల ప్రయాణంలో ఆ గరగర విని ఓర్చుకోవడం ఎంత చిరాకో మీరే ఊహించుకోండి. 9,000 పెట్టి కొనుక్కోవాల్సిన చిరాకు కాదది.

"పై గ్రేడ్ అంటే గట్టిది కాదా?" అని అడిగారు. ఈ ప్రశ్న చాలామంది మనసులో ఉంటుంది, అందుకే వివరంగా చెప్పాను. క్రాంకుల్లో పై గ్రేడుకి పోయేకొద్దీ బరువు తగ్గుతుంది, రింగులు బిగువుగా ఉండి గేరు మారడం చురుగ్గా ఉంటుంది. ఎక్కువ డబ్బు పోసేది వాటికే. కింది గ్రేడులో కాస్త బరువెక్కువ, లోపల అతుకులు లేని సాదా నిర్మాణం. రేసులో గ్రాములు లెక్కపెట్టే వాళ్లకి ఒక న్యాయం, పదేళ్లు వాడుకునే వాళ్లకి ఒక న్యాయం. మాస్టారు రెండో కోవలో మనిషి.

చివరికి మిగిలినవి

ఆన్‌లైన్‌లో దొరికే పేరులేని సెట్లని తొందరగానే పక్కన పెట్టాను. పెద్ద రింగు లోపలి ముఖం మీద చెయిన్‌ని పైకి ఎత్తే పిన్నులు, చెక్కిన వాలులు సరిగ్గా ఉన్నాయో లేదో ఫొటోలో తెలియదు. రింగు అరిగితే అదే కొలత రింగు మళ్లీ దొరుకుతుందన్న భరోసా లేదు.

మిగిలినవి రెండు. ఒకటి, కొత్త స్క్వేర్ టేపర్ సెట్. దీనిమీద నాకు చిన్నచూపు లేదు. కార్ట్రిడ్జ్ బీబీలో బేరింగులు షెల్ లోపల దాక్కుని ఉంటాయి, వాన నీళ్లు అంత తేలిగ్గా చేరవు. పట్టించుకోకపోయినా ఏళ్ల తరబడి నడుస్తాయి. కానీ యాక్సిల్ పొడవు క్రాంకుకి సరిగ్గా కుదరాలి. 103, 107, 110, 113, 118 ఇలా రకరకాలు ఉంటాయి. రెండు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చినా చెయిన్‌లైన్ (ఫ్రేము మధ్య నుంచి రింగుల దూరం) పక్కకి జరుగుతుంది. రోడ్ బైక్ డబుల్ రింగుకి అది 43.5 దగ్గర ఉండాలి. మంచి 50/34 స్క్వేర్ టేపర్ రోడ్ సెట్, దానికి తగిన పొడవు బీబీ రెండూ కలిపి ఐదు వారాల్లో దొరుకుతాయన్న నమ్మకం కుదరలేదు.

రెండోది షిమానో క్లారిస్ ఎఫ్‌సీ-ఆర్2000. 8 స్పీడ్ కోసమే చేసింది, 50/34. కుడి క్రాంకుకి 24 మిల్లీమీటర్ల లావు ఉక్కు యాక్సిల్ బిగించే వస్తుంది, ఎడమ క్రాంక్ దాని గాడుల మీద కూర్చుంటుంది. ఎడమ క్రాంకుని పట్టుకునేవి రెండు పక్క బోల్టులు. రింగులు బోల్టులతో ఉంటాయి కాబట్టి అరిగింది ఒక్కటే మార్చుకోవచ్చు. కప్పులు బీఎస్ఏ థ్రెడ్‌కి సరిపోతాయి. విప్పడానికి పుల్లర్ అక్కర్లేదు, 5 మిల్లీమీటర్ల ఎలెన్ కీ, క్యాప్ తిప్పే చిన్న ప్లాస్టిక్ పనిముట్టు ఉంటే చాలు. దారిలో సమస్య వస్తే మాస్టారే విప్పుకోగలరు. నా మొగ్గు దీనివైపే ఉంది. క్రాంక్, బీబీ కలిపి పదివేల లోపే అయింది.

పొడవు విషయంలో పాత 170నే ఉంచాం. మాస్టారు ఎత్తు అయిదడుగుల అయిదంగుళాలు, మోకాలి నొప్పి లేదు. బ్రెవే ముందు శరీరానికి అలవాటైన కొలత మార్చడం మంచిది కాదు.

ఎక్కుడు కోసం 46/30 క్రాంక్ వేయమని ఎవరో సలహా ఇచ్చారట. ఇది లెక్కల మాస్టారు కాబట్టి కాగితం తీసి ఆయన చేతే వేయించాను. చక్రం చుట్టుకొలత 2.1 మీటర్లు అనుకుందాం. ముందు 34, వెనక 28 ఉంటే పెడల్ ఒక చుట్టుకి బండి 2.55 మీటర్లు పోతుంది. ముందు 30 చేస్తే 2.25. ముందు 34నే ఉంచి, వెనక 32 పళ్లది వేస్తే 2.23. చెయిన్ ఎలాగూ అరిగింది, క్యాసెట్ ఎలాగూ మార్చాలి. వెనక గేరు మార్చే డిరైలర్‌కి పొడవు కేజ్ ఉంది, 32 పళ్లని మోస్తుంది. క్రాంకుతో పని లేకుండానే అదే సులువు వచ్చేసింది. ఆయన కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. పిల్లలకి నిష్పత్తుల పాఠంలో చెప్తానన్నారు.

బిగింపు

పాత బీబీ తీశాక షెల్ లోపల తుప్పు రంగు నీళ్లు కారాయి. సీటు ట్యూబు గుండా దిగిన వాన నీళ్లవి. థ్రెడ్‌ని బ్రష్‌తో శుభ్రం చేసి, ఆరబెట్టి, గ్రీజు దట్టంగా రాశాను. కొత్త కప్పులని ముందు చేత్తోనే తిప్పాలి. చివరిదాకా చేత్తోనే పోవాలి. మొదటి చుట్టులోనే పానా అవసరపడితే థ్రెడ్ అడ్డంగా ఎక్కుతున్నట్టే, ఆపేయాలి. కుడి కప్పు ఉల్టా థ్రెడ్ అని మర్చిపోయి ఫ్రేము పాడుచేసుకున్న వాళ్లు నా దగ్గరికి వచ్చారు. కప్పుల బిగువు 35 నుంచి 50 న్యూటన్ మీటర్లు. నేను 40 పెట్టాను.

తర్వాత కుడి క్రాంకుని యాక్సిల్‌తో సహా తోసి, ఎడమ క్రాంకుని గాడుల్లో కూర్చోబెట్టాను. ఇక్కడ వరుస తప్పకూడదు. ముందు ప్లాస్టిక్ క్యాప్, బిగువు 0.7 నుంచి 1.5 న్యూటన్ మీటర్లు. అంటే వేళ్లతో తిప్పినంత. ఆ క్యాప్ పని పక్క ఊపు తీసేయడం మాత్రమే. బలం పెడితే బేరింగుల మీద ఒత్తిడి పడి తొందరగా పోతాయి. క్యాప్ తర్వాత చిన్న స్టాపర్ ప్లేటు కిందికి నొక్కాలి, దాని మొన యాక్సిల్ రంధ్రంలో పడాలి. అప్పుడు రెండు పక్క బోల్టులనీ ఒకదాని తర్వాత ఒకటి, కొంచెం కొంచెంగా, 12 నుంచి 14 న్యూటన్ మీటర్ల దాకా బిగించాలి. ఒకదాన్నే మొత్తం బిగించి రెండోదానికి పోతే మొదటిది మళ్లీ వదులవుతుంది. అందుకే రెండింటినీ నాలుగైదు సార్లు మార్చి మార్చి చూస్తాను.

ఈ పని టార్క్ రెంచ్ (బిగువు కొలిచే పానా) లేకుండా చేయొద్దని నా అభిప్రాయం. చేతి అంచనా పెద్ద బోల్టుల దగ్గర పనికొస్తుంది, ఇలాంటి చిన్న బోల్టుల దగ్గర మోసం చేస్తుంది.

ముందు వైపు డిరైలర్‌ని పెద్ద రింగు పళ్లకి 1 నుంచి 3 మిల్లీమీటర్ల పైన ఉండేలా చూశాను. పాత రింగు కూడా 50 కావడంతో ఎత్తు దాదాపు మార్చక్కర్లేకపోయింది, లిమిట్ స్క్రూలు మాత్రం సర్దాల్సి వచ్చింది. కొత్త చెయిన్ పొడవుని 32 పళ్ల క్యాసెట్‌కి తగ్గట్టు మళ్లీ కొలిచి కోశాను. పాత చెయిన్ పక్కన పెట్టి అదే పొడవు కోసి ఉంటే పెద్ద రింగు, పెద్ద పళ్ల కలయికలో బిగుసుకుపోయేది.

ఆ తర్వాత

100 కిలోమీటర్లు తొక్కి తిరిగి రమ్మన్నాను. వచ్చారు. టార్క్ రెంచ్ 12 దగ్గర క్లిక్ అంది, పక్క బోల్టులు కదల్లేదు. శబ్దం లేదు. బ్రెవే 17 గంటల 40 నిమిషాల్లో పూర్తిచేశారు. అనంతగిరి ఎక్కుడులో దిగి నడవలేదని ఫోన్ చేసి చెప్పారు. ఆ రోజు నాకు పని మీద ధ్యాస కుదరలేదు, అంత సంతోషం.

ఒక లోటు కూడా చెప్పాలి. ఏడు నెలల తర్వాత, వానాకాలం చివర్లో, 4,300 కిలోమీటర్ల దగ్గర కుడి బేరింగు గరుకుగా తిరగడం మొదలైంది. బయటికి ఉండే కప్పులకి ఈ బలహీనత ఉంది. వానలో తొక్కి, ఇంటికొచ్చి ప్రెషర్ పంపుతో కడిగితే నీళ్లు సీలు దాటి పోతాయి. స్క్వేర్ టేపర్ కార్ట్రిడ్జ్ అయితే ఈపాటికి ఇంకా నడుస్తూ ఉండేదేమో. బీబీ ఒక్కటే మార్చాను, అరగంట పని. క్రాంకుకి గానీ యాక్సిల్‌కి గానీ ఏమీ కాలేదు, గాడులు మొదటి రోజులాగే ఉన్నాయి. పంపుతో కడగొద్దని, బకెట్ నీళ్లు, గుడ్డ చాలని మాస్టారికి చెప్పాను.

ఇప్పుడు 9,000 కిలోమీటర్లు దాటింది. చెయిన్ ఒకసారి మారింది. 50 పళ్ల రింగు ఇంకో చెయిన్‌కి సరిపోతుంది. తర్వాత తనిఖీ సంక్రాంతి సెలవుల్లో పెట్టుకున్నాం. ఈసారి 400 కిలోమీటర్లకి పేరు ఇచ్చారట.